బిగించే చెయ్యి, సరిచూసే కన్ను

మైసూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో జావా, యెజ్డి అనే పేర్లు వినని ఇల్లు బహుశా వుండదు. ఈ వూరి యాదవగిరిలో ఐడియల్ జావా కంపెనీవారి కర్మాగారం 1961లో శ్రీ జయచామరాజ ఒడెయరుగారి చేతుల మీదుగా ప్రారంభమయింది. చెకోస్లొవేకియా దేశపు జావా నమూనా ప్రకారం ఇక్కడ మోటారుసైకిళ్లు తయారయ్యేవి. 1973 నుంచి వాటికి యెజ్డి అని పేరు మారింది. 1996లో కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరు, 2022లో యెజ్డి పేరు వేరొక కంపెనీ ద్వారా మళ్ళీ బజారులోకి వచ్చినవి గాని, ఆ ఇంజన్లు వేరు, పాత ఇంజన్లు వేరు. పాత బండ్లు ఇంకా మన వీధులలో తిరుగుతూనే వున్నవి. అందులో మాది ఒకటి.

మా నాయనగారు ఆ బండిని 1984లో కొన్నారు. ఒక జవుళి దుకాణంలో లెక్కలు వ్రాసే ఉద్యోగం ఆయనది. షెడ్డుకు పంపితే ఖర్చు, పైగా ఒకరోజు జీతం నష్టం. అందుచేత చిన్న చిన్న పనులన్నీ ఆదివారంనాడు వాకిట్లోనే చేసుకునేవారు. పక్కన కూర్చుని పానాలు అందించడం నా వంతు. "మరకు మొగమాటం తెలియదు నాయనా! సరిగా బిగిస్తే నిలుస్తుంది, లేకపోతే వూడుతుంది" అనేవారు. 2009లో ఆయన పోయినారు. బండి, పానాల పెట్టె నాకు వచ్చినవి. నేను మెట్రిక్ చదివిన గుమాస్తాను, ఇంజనీరును కాను. నాకు అనుభవంలోకి వచ్చిన నాలుగు మాటలు, అందులో ఒక తప్పుతో సహా, మన పత్రిక పాఠకులతో చెప్పుకుందామని ఈ వ్యాసం.

ముందు సామాను సంగతి. పెద్ద కొట్టు పెట్టనక్కరలేదు. రెండువైపుల నోళ్లు వున్న పానాలు ఒక జత, ప్లగ్గు విప్పే 21 మిల్లీమీటర్ల గొట్టం పానా, రెండు స్క్రూడ్రైవర్లు, ఒక పటకారు, సందు కొలిచే ఫీలరు గేజి, టైరుకు గాలి కొట్టే పంపు, శుభ్రమైన గుడ్డపీలికలు, పాత డబ్బా మూత ఒకటి. ఈ మూత ఎందుకో తర్వాత చెప్తాను. వున్నవాటిలో ముఖ్యమైనది వెలుతురు. పగటిపూట చేయలేని పనిని రాత్రి దీపం కింద మొదలుపెట్టరాదు.

పాత యెజ్డి రెండు స్ట్రోకుల ఇంజను. దానికి వాల్వులు లేవు. లోపలి భాగాలకు నూనె అందేది పెట్రోలులో కలిపిన నూనె వల్లనే. మా బండికి లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, అంటే 25కు 1 పాలు కలుపుతాము. నూనె తగ్గితే పిస్టను వేడెక్కి పట్టేస్తుంది. పోనీ అని ఎక్కువ పోస్తే ప్లగ్గు మసిబారుతుంది, సైలెన్సరు లోపల బొగ్గు పేరుకుంటుంది. వంటలో ఉప్పు వంటిదే ఇది. కంటి అంచనా పనికిరాదు, కొలపాత్ర వుండవలె.

పొద్దున కిక్కు ఎంత కొట్టినా బండి కదలడం లేదంటే, సాధారణంగా ముందు చూడవలసింది ప్లగ్గు. ఇంజను చల్లారిన తర్వాత విప్పి దాని కొన రంగు చూడండి. ఇటుక రంగు, లేత గోధుమ రంగు వుంటే క్షేమం. నల్లగా, తడిగా వుంటే నూనె గాని పెట్రోలు గాని ఎక్కువవుతున్నది, లేదా నిప్పురవ్వ బలహీనంగా వున్నది. తెల్లగా పాలిపోయివుంటే ఇంజను అతిగా వేడెక్కుతున్నదని గుర్తు. తుడిచి, కొన దగ్గర సందు 0.6 మిల్లీమీటరు వుండేటట్టు చూసి, మళ్ళీ పెట్టేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పవలె. పానాతో మొదలుపెడితే మర వంకరగా ఎక్కి అల్యూమినియం తల పాడవుతుంది. పది నిముషాల పనికి వేల రూపాయల నష్టం.

ప్లగ్గు బాగుండి నిప్పురవ్వ రాకపోతే కాంటాక్టు పాయింట్లు చూడాలి. అవి పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.4 మిల్లీమీటరు. మసి పట్టివుంటే సన్నని ఉప్పుకాగితంతో ఒకసారి రుద్ది, శుభ్రమైన కాగితంతో తుడవాలి. నిప్పురవ్వ వుండి పెట్రోలు అందకపోతే అప్పుడు కార్బురేటరు. పెట్రోలు కొళాయి కట్టేసి, కింది గిన్నె విప్పి, చెత్త తీసి, జెట్టు రంధ్రంలోనికి పంపుతో గాలి కొట్టండి. గుండుసూది దూర్చవద్దు. వెంట్రుకంత పెద్దదయినా ఆ రంధ్రం లెక్క తప్పుతుంది.

ఈ మధ్య మరొక సంగతి వచ్చి చేరింది. 2025 నాటికి దేశమంతటా బంకులలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికోసం చేసినవి కావు. ఉబ్బడం, పగలడం జరుగుతుంది. గొట్టాన్ని నెలకొకసారి వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చండి. నెలల తరబడి బండి తీయబోమని తెలిస్తే టాంకు, కార్బురేటరు ఖాళీచేసి వుంచడం మంచిది.

ఇక నా తప్పు. 2017లో ఒక శనివారం సాయంత్రం గొలుసు వదులయిందని వెనుక చక్రాన్ని కొంచెం వెనక్కి జరిపినాను. చక్రం జరిగితే వెనుక బ్రేకు బిగిసిపోతుంది గనుక, బ్రేకు బిగింపు నట్టును వదులుచేసినాను. అంతలో కరెంటు పోయింది. లోపలినుంచి అమ్మ భోజనానికి పిలిచింది. నట్టు రెండు చుట్ల మీద నిలిచివున్నది. పొద్దున లేచి బిగిద్దామనుకున్నాను. పొద్దున మరచిపోయినాను.

మరునాడు పిల్లవాణ్ణి అమ్మ దగ్గర వదలి నేను, మా ఆవిడ చాముండి కొండకు వెళ్ళినాము. ఎక్కేటప్పుడు బ్రేకు అవసరం ఎంత? దర్శనం చేసుకుని దిగుతున్నాము. ఒక మలుపు ముందర కాలు నొక్కితే పెడలు అడుగుదాకా పోయింది, బండి ఆగలేదు. రెండు స్ట్రోకుల ఇంజను, వాలులో నాలుగు స్ట్రోకుల ఇంజనువలె వెనక్కి పట్టి ఆపదు. ముందు బ్రేకు కొంచెం కొంచెంగా పట్టి, గేరు తగ్గించి, కొండ పక్కనున్న మెత్తని మట్టిలోకి తిప్పినాను. బండి వాలి ఆగింది. మా ఆవిడ మోచెయ్యి దోక్కుపోయింది. అంతకు మించి ఏమీ కాలేదు. రోడ్డుకు అవతలిపక్క లోయ. దిగి చూస్తే నట్టు లేదు. దారిలో ఎక్కడ పడిందో!

ఆవిడ కొంగుతో మోచెయ్యి ఒత్తుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "ఏమండీ, ఆఫీసులో మీరు కట్టిన లెక్క ఇంకొకరు చూసి సంతకం పెట్టందే చెక్కు కదలదంటారు గదా. నిన్న మీరు చేసిన పని ఎవరు చూసినారు?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏండ్లుగా కాగితాల మధ్య బతుకుతున్నవాణ్ణి. వంద రూపాయల వోచరుకు ఇద్దరి సంతకాలు కావాలి. ఇంటి మనిషిని ఎక్కించుకుని కొండ దిగే బండికి మాత్రం నా ఒక్కడి జ్ఞాపకం చాలునని అనుకున్నాను. ఇంటి రిపేరులో వున్న అసలు ప్రమాదం చేతకానితనం కాదని ఆనాడు నాకు తెలిసింది. చేసినవాడి పనిని చూసేవారు లేకపోవడమే ప్రమాదం. మంచి షెడ్డులో మేస్త్రీ పనివాడి వెనుక నిలబడి చూస్తాడు. ఇంట్లో ఆ కన్ను వుండదు.

ఆ వారమే ఒక లెక్కల పుస్తకం కొన్నాను. అందులో అయిదు గళ్లు గీసినాను: తేదీ, తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని, విప్పిన మరలు ఎన్ని, సరిచూసినవారి సంతకం. విప్పిన ప్రతి నట్టు, ప్రతి వాషరు డబ్బా మూతలో పడవలె. పని ముగిసేసరికి మూత ఖాళీ కావాలి. బ్రేకు, చక్రం ఇరుసు నట్లు బిగించిన తర్వాత నట్టు మీదనుంచి పక్కనున్న లోహం మీదికి తెల్లరంగుతో ఒక గీత గీస్తాను. నట్టు తిరిగితే గీత విరిగినట్టు కనబడుతుంది. అది చూడడానికి మేస్త్రీ కానక్కరలేదు. పని సగంలో ఆపవలసివస్తే తాళంచెవికి ఎర్రగుడ్డ కట్టి అమ్మ చేతికి ఇచ్చేస్తాను. గుడ్డ విప్పే అధికారం సరిచూసినవారిదే.

సరిచూసేది మా ఆవిడ. ఇంజను సంగతులు తనకు తెలియవు, తెలియనక్కరలేదు. మూత ఖాళీయా, గీతలు తిన్నగా వున్నవా, ముందు బ్రేకు, వెనుక బ్రేకు నొక్కి బండిని తోస్తే చక్రం ఆగుతున్నదా, దీపాలు వెలుగుతున్నవా, ఇంతే. 2021లో ఒకసారి ముందు చక్రం ఎక్కించి నేను చేతులు కడుక్కుంటుండగా, మూతలో ఒక వాషరు మిగిలివుందని పిలిచింది. అది ఇరుసు వాషరు. మళ్ళీ విప్పి పెట్టినాను. ఆ రోజు పుస్తకంలో సంతకం కింద తేదీ కాస్త పెద్ద అక్షరాలతో వేసింది.

బండికి మార్పులు చేయడం సంగతి కూడా చెప్పవలె. మా పెద్దవాడికి ఇప్పుడు పదిహేనేండ్లు. లైసెన్సుకు ఇంకా మూడేండ్లు వున్నది గాని ఉబలాటం ఇప్పుడే వచ్చింది. "నాన్నా, సైలెన్సర్ల లోపలి గొట్టాలు తీసేస్తే శబ్దం అదిరిపోతుందంట. మా స్నేహితుల అన్నలందరూ తీసేసినారు" అన్నాడు ఒకనాడు. కోప్పడితే నేను లేనప్పుడు తీస్తాడు. అందుకని కూర్చోబెట్టి చెప్పినాను. రెండు స్ట్రోకుల ఇంజనులో పొగతోబాటు కొంత కొత్త పెట్రోలు ఆవిరి కూడా బయటికి పోజూస్తుంది. సైలెన్సరు పొడవు, ఆకారం, లోపలి గొట్టం ఆ లెక్క మీద చేసినవే. తీసేస్తే శబ్దం పెరుగుతుంది, నిదానంలో లాగే శక్తి తగ్గుతుంది. పైగా మన పక్కింట్లో బాలింత వున్నది.

చట్టం కూడా ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీవారు మొదట ఇచ్చినవాటితో సరిపోకుండా పోయేటట్టు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టంచేసింది. అందం కోసమని కొందరు వెనుక చక్రం పక్కన వుండే చీర రక్షణ కంచెను తీసేస్తారు. 1989 నాటి కేంద్ర నిబంధనలలో 123వది, వెనుక కూర్చున్నవారి బట్టలు చిక్కుకోకుండా చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే కంచె వుండాలంటున్నది. మన స్త్రీల కొంగులు, చున్నీలు చక్రంలో పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

పిల్లవాడి ఉత్సాహం వృథా కాకుండా వాడికి వేరే పని అప్పగించినాను. శబ్దం కోసం కాక, శుభ్రం కోసం ఆ గొట్టాలను తీయమన్నాను. ఒక్కొక్కదాని మీద వేలిమందం బొగ్గు! గీకి, తుడిచి, మళ్ళీ బిగించినాడు. బండి మునుపటికన్నా హాయిగా లాగింది. ఆ రోజు పుస్తకంలో చేసిన పని వాడి అక్షరాలలో వున్నది; సరిచూసిన సంతకం నాది.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. నేలమీద పాకుతూ పోతుంది. వాకిట్లో గిన్నెలో పెట్రోలు పెట్టుకుంటే అది తులసికోట దగ్గర దీపందాకా, వంటింటి పొయ్యిదాకా పోగలదు. సామాను కడగడానికి కిరసనాయిలు గాని డీజిలు గాని వాడండి. అదయినా దీపానికి దూరంగా. పెట్రోలును సీసాలలో పోసి ఇంట్లో దాచవద్దు. తలుపులు మూసిన గదిలో ఇంజను నడపవద్దు. ఆ పొగలో రంగు, వాసన లేని విషవాయువు వుంటుంది. పాత నూనెను కాలువలో పోయవద్దు. డబ్బాలో పట్టి షెడ్డువారికి ఇవ్వండి.

ఇంజను లోపలి బేరింగులు, క్రాంకు, గేరుపెట్టె, ముందు ఫోర్కు ఇంట్లో విప్పే పనులు కావు. వాటికి నేను పాతబండ్ల మేస్త్రీ దగ్గరికే వెళ్తాను. ఎంత తొందరపెట్టినా ఆయన "నిధాన, సార్, నిధాన" అంటాడు. అయినా ఇంటికి వచ్చాక పుస్తకంలో వ్రాసి, సరిచూసిన తర్వాతనే బండి మీద మనిషిని ఎక్కిస్తాము.

పోయిన ఆదివారం వెనుక బ్రేకు లైనర్లు మార్చినాను. మా ఆవిడ వూరికి వెళ్ళివున్నది. చేతులు తుడుచుకుని తాళంచెవికోసం చూస్తే అది మా పెద్దవాడి జేబులో వున్నది, ఎర్రగుడ్డతో సహా. వాడు మూత చూసినాడు, గీతలు చూసినాడు, బ్రేకు నొక్కి బండిని తోసినాడు. "కొంచెం వదులుగా వున్నది, నాన్నా" అన్నాడు. మళ్ళీ బిగించినాను. అప్పుడు సంతకం పెట్టినాడు.