కార్యాలయము తరలింపు - ముందుచూపు ఆవశ్యకత

ఉర్దూ భాషలో ‘దఫ్తర్’ అను పదమునకు మొదట లెక్కల పుస్తకమనియే అర్థము. ఆ పుస్తకములుండు చోటునకు కాలక్రమమున అదే పేరు స్థిరపడినది. తెలుగున ‘దఫ్తరము’ అనగా నేటికిని కాగితముల కట్టయే. కార్యాలయమనగా గోడలు, బల్లలు, కుర్చీలు కావనియు, అందలి రికార్డులును వాటిని నడుపు మనుషులును మాత్రమేననియు ఈ పదమే తెలుపుచున్నది. వ్యాపార కార్యాలయమును ఒకచోట నుండి మరియొక చోటికి తరలించునపుడు ఈ సత్యమును మరచుటవలననే పెక్కు చిక్కులు కలుగునని మా అభిప్రాయము.

తరలింపు అరుదైన విషయము కాదు. 1935లో ఏర్పడిన భారత రిజర్వు బ్యాంకు కేంద్ర కార్యాలయము తొలుత కలకత్తాలో నుండి, 1937లో బొంబాయికి మారినది. 1953లో కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వము, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో హైదరాబాదునకు తరలినది. అంతటి సంస్థలకే తప్పనిది చిన్న వర్తక సంస్థలకు తప్పునా?

స్థల నిర్ణయము: అద్దె తక్కువయని మాత్రమే స్థలమును ఎన్నుకొనరాదు. ఒక ఉదాహరణము చూతము. ఇరువదిమంది ఉద్యోగులున్న సంస్థ ఊరి వెలుపలికి మారుటచే నెలకు 15,000 రూపాయల అద్దె ఆదా అగునని అనుకొందము. ప్రతి ఉద్యోగికిని రాకపోకలకు దినమునకు 40 రూపాయలు అధికమైనచో, 25 పని దినములకు అందరి మీద పడు భారము 20,000 రూపాయలు. యజమాని ఆదా చేసిన దానికంటె ఉద్యోగులు కోల్పోయినదే ఎక్కువ! ఇట్టిది పొదుపు కాదు. ఒకరి ఖర్చును వేరొకరి జేబునకు మార్చుట మాత్రమే. సంస్థకును నష్టము లేకపోలేదు. అనుభవముగల గుమాస్తా పని మానినచో, అతని జ్ఞాపకములోనున్న ఖాతాల వివరము ఏ లారీలోను రాదు.

కాల నిర్ణయము: క్రొత్తచోట పని ప్రారంభించు దినమును ముందుగా నిర్ణయించి, అచ్చట నుండి వెనుకకు లెక్కించుకొనుచు ప్రతి పనికిని తేదీని, బాధ్యుని వ్రాసికొనవలెను. మార్చి నెలాఖరున లెక్కలు ముగించు సమయమును, జీతముల బట్వాడా దినములను వదలి, వరుస సెలవులను ఎన్నుకొనుట మేలు. పాత అద్దె ఒప్పందమును తప్పక చదువవలెను. నెలవారీ అద్దెకు వేరు ఒప్పందము లేనిచో, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము ఖాళీ చేయుటకు 15 దినముల నోటీసు ఈయవలెను. క్రొత్త కౌలు ఒక సంవత్సరమునకు మించినదైనచో దస్తావేజును రిజిస్టరు చేయించుట తప్పనిసరి.

చట్టపు విధులు: కంపెనీ తన రిజిస్టర్డు కార్యాలయమును మార్చినచో, 2013 కంపెనీల చట్టము ననుసరించి 30 దినములలో రిజిస్ట్రారునకు తెలుపవలెను. ఊరి పరిధి దాటి మార్చుటకు ప్రత్యేక తీర్మానము కావలెను. అనగా అనుకూల ఓట్లు ప్రతికూల ఓట్లకు మూడు రెట్లకు తగ్గరాదు. రాష్ట్రమే మారినచో కేంద్ర ప్రభుత్వ అనుమతి సైతము అవసరము. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడుటతో, అంతకు మునుపు ఒకే రాష్ట్రములోనున్న హైదరాబాదు, విజయవాడల నడుమ మార్పునకును ఈ నియమమే వర్తించును. వస్తు సేవల పన్ను రిజిస్ట్రేషనులో చిరునామా మార్పునకు గడువు 15 దినములు. కంపెనీ నామఫలకమును స్థానిక భాషా లిపులలో నొకదానియందైనను వ్రాయించవలెనని చట్టమే చెప్పుచున్నది. తెలుగు, ఉర్దూ తెలిసిన మన విద్యార్థులు గమనింపదగిన విషయమిది.

రికార్డుల రక్షణ: కంపెనీ లెక్కల పుస్తకములను ఎనిమిది ఆర్థిక సంవత్సరముల వరకు భద్రపరచవలెను. కావున తరలింపు సందడిలో పాత కాగితములను తూకమునకు అమ్ముట ప్రమాదకరము. నిత్యము వాడునవి, అప్పుడప్పుడు చూడవలసినవి, గడువు తీరినవి అని ముందే మూడు భాగములు చేయవలెను. ప్రతి పెట్టెపైనను సంఖ్య వేసి, అందులోని పుస్తకముల జాబితాను రెండు ప్రతులు వ్రాసి, ఒకటి పెట్టెలోను, రెండవది బాధ్యుని వద్దను ఉంచవలెను. దించుకొనునపుడు జాబితాతో సరిచూచిన పిమ్మటనే సంతకము చేయవలెను. కంప్యూటరులోని లెక్కలకు నకలు తీసి, ఆ నకలును అదే వాహనములో పంపక వేరుగా తీసికొనిపోవలెను. నిత్యము వాడు పెట్టెలను చివర ఎక్కించినచో మొదట దిగును. విద్యుత్తు, టెలిఫోను, ఇంటర్నెట్టు ముందుగానే అమర్చి పరీక్షింపనిచో, పెట్టెలు చేరినను పని సాగదు.

ఉద్యోగుల సమ్మతి: అన్నింటికంటె ముఖ్యమైనది, సాధారణముగా చివరకు తలచుకొనునది ఇదియే. నిర్ణయము జరిగిన పిదప నోటీసు బోర్డుపై అంటించుట సంప్రదింపు కాజాలదు. అటెండరు ఏ బస్సులో వచ్చును, చీకటి పడిన పిదప స్త్రీ ఉద్యోగులు ఎట్లు ఇల్లు చేరుదురు, పని వేళలు కొంత మార్చిన సౌకర్యమగునా అని ముందే విచారించవలెను. అద్దెలో మిగిలిన దానినుండి కొంత ప్రయాణ భత్యముగా ఇచ్చుట న్యాయము. పై లెక్కలో 15,000 మొత్తము ఇచ్చినను భారము పూర్తిగా తీరదని గమనింపవలెను.

నేడు ఈ కళాశాలలో వాణిజ్యశాస్త్రము చదువుచున్నవారిలో కొందరు రేపు గుమాస్తాలు, కొందరు యజమానులు కాగలరు. గుమాస్తా కాబోవువారు జాబితా వ్రాయు ఓర్పును, యజమాని కాబోవువారు అందరి లెక్కను తన లెక్కలో చేర్చు న్యాయబుద్ధిని ఇప్పటినుండియే అలవరచుకొందురుగాక యని మేము కోరుచున్నాము.