నలుగురు కూడితేనే ఆట

వైకుంఠపాళి, అష్టాచెమ్మా, పులిజూదం తెలుగువారి అరుగుల మీద తరతరాలుగా సాగుతూ వచ్చిన ఆటలు. గీసిన గళ్ళు, గవ్వలు, కాయలు లేనిదే ఈ ఆటలు సాగవు. అయితే ముఖ్యంగా మాటలతోనే సాగే ఆట ఒకటి ఉన్నది. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చొని, ఒక కథను అప్పటికప్పుడు కల్పించుకుంటూ, అందులోని పాత్రలు తామే అయి ఆడతారు. దీనిని ఇంగ్లీషులో రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. తెలుగులో 'పాత్రపోషణ ఆట' అనవచ్చు.

ఈ ఆటలో ఒకరు సూత్రధారిగా ఉంటారు. నాటకంలోని సూత్రధారి వలెనే వారు కథాస్థలాన్ని వర్ణిస్తారు, కథను నడిపిస్తారు. తక్కినవారు వీరుడు, వైద్యుడు, మాంత్రికుడు, దొంగ వంటి పాత్రలను ఎన్నుకుంటారు. "మీరు నది ఒడ్డుకు చేరారు. వంతెన మధ్యలో తెగిపోయి ఉన్నది. ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతారు. "నేను పరుగెత్తి దూకుతాను" అంటాడు వీరుడి పాత్రధారి. దూకగలడా, లేడా? అది పాచిక తేలుస్తుంది. ఇరవై ముఖాల పాచికను వేసి, పన్నెండు గాని అంతకంటె ఎక్కువ గాని పడితే దాటినట్లు అనుకుందాం. పన్నెండు నుంచి ఇరవై వరకు తొమ్మిది సంఖ్యలున్నాయి. కనుక ఇరవైలో తొమ్మిది పాళ్ళు గెలిచే అవకాశం ఉన్నది. తప్పితే వీరుడు నీళ్ళలో పడతాడు. అయినా ఆట ముగియదు. తోటివారు అతనిని ఎలా కాపాడతారన్నది కథలో కొత్త మలుపు అవుతుంది. ఇందులో ఒకరు గెలిచి మరొకరు ఓడడం ఉండదు.

ఏ పాచిక వేయాలి, ఎంత పడాలి, ఏ పాత్రకు ఎంత బలం, ఎంత తెలివి అనే సంగతులన్నీ ఒక పుస్తకంలో రాసి ఉంటాయి. అదే ఆ ఆట నియమావళి. గత యాభై ఏళ్ళలో ఇటువంటి నియమావళులు వందలకొలది వెలువడ్డాయి. కొన్ని దేశదేశాలకు వ్యాపించాయి. ఎన్నో ఒకటి రెండు ముద్రణలతోనే మరుగున పడ్డాయి. అన్నింటిలోనూ పాచికలు ఉన్నాయి, కథలు ఉన్నాయి. మరి ఈ తేడా ఎందుకు వచ్చింది?

ఈ ఆటల చరిత్ర అమెరికాలో మొదలయింది. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడ గ్యారీ గైగాక్స్, ఆయన మిత్రులు చిన్న చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధక్రీడలు ఆడేవారు. పొరుగునే ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో డేవ్ ఆర్నిసన్ ఒక మార్పు చేశాడు. ఒక్కొక్క ఆటగాడు సైన్యాన్ని కాక ఒకే ఒక మనిషిని నడిపేటట్లు ఆటను మలిచాడు. వీరిద్దరి కృషి ఫలితంగా 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వెలువడింది. డంజన్ అంటే నేలమాళిగ. మొదట అచ్చువేసినవి వేయి ప్రతులు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, వెల పది డాలర్లు. ఆ వేయి పెట్టెలనూ చేతితోనే సర్దారు.

ఆ పుస్తకాలు చదివి ఆట నేర్చుకోవడం తేలిక కాదు. నియమాలు అక్కడక్కడ చెల్లాచెదురుగా ఉండేవి. నాలుగు, ఎనిమిది, పన్నెండు, ఇరవై ముఖాల పాచికలు కావలసి వచ్చేవి. అవి బజారులో దొరికేవి కావు. ఈ ఇబ్బంది చూసి అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరవాసి కెన్ సెయింట్ ఆండ్రే 1975లో 'టన్నెల్స్ అండ్ ట్రోల్స్' అనే ఆటను రాశాడు. అందులో నియమాలు సులభం. ఇంటిలో ఉండే ఆరు ముఖాల పాచికలే చాలు. తేలికగా ఉన్నదే ఎక్కువగా వ్యాపించేటట్లయితే ఈ రెండవ ఆటదే పైచేయి కావాలి. కాని అలా జరగలేదు. టన్నెల్స్ అండ్ ట్రోల్స్‌కు అభిమానులు ఏర్పడ్డారు, నేటికీ ఉన్నారు. అయినా డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు వచ్చినంత వ్యాప్తి దానికి రాలేదు.

కారణం ఆట స్వభావంలోనే ఉన్నది. ఒక పుస్తకం నచ్చితే ఒంటరిగా కూర్చొని చదువుకోవచ్చు. పాత్రపోషణ ఆటకు సాధారణంగా నలుగురు కావాలి, ఆ నలుగురికీ ఒకే నియమావళి తెలిసి ఉండాలి. కొత్తగా చేరేవాడు సాధారణంగా పుస్తకం చదివి రాడు. ఆడుతున్నవారి పక్కన కూర్చొని నేర్చుకుంటాడు. వాళ్ళు ఏది ఆడుతుంటే అతడూ దానినే నేర్చుకుంటాడు. చదువుకోసం మరొక ఊరు వెళ్ళినా, అక్కడ పదిమందికి తెలిసిన ఆట ఏదైతే దానికే జోడు దొరుకుతుంది. ముందు వచ్చిన ఆటకు ఆటగాళ్ళు ఎక్కువ. ఆటగాళ్ళు ఎక్కువ కనుక కొత్తవారు మళ్ళీ అటే చేరతారు. 'నలుగురితో నారాయణ' అనే సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

అయితే ముందు పుట్టడం ఒక్కటే చాలదు. తలుపు తెరిచి ఉండాలి, వచ్చినవారికి పీట వేయాలి. 1977లో ఎరిక్ హోమ్స్ కూర్చిన ప్రారంభకుల పెట్టె వెలువడింది. చిక్కు నియమాలను తీసివేసి, ఆటను మొదటి మెట్టు నుంచి చెప్పిన పెట్టె అది. 1979 ప్రాంతంలో పాచికల కొరత వచ్చినప్పుడు కత్తిరించుకొనే అట్టబిళ్ళల మీద అంకెలు అచ్చువేసి పెట్టెలో పెట్టారు. పాచిక లేదని ఎవరూ ఆట మానుకోకూడదన్నది వారి ఉద్దేశం. సిద్ధంగా రాసిన ఒక కథను కూడా పెట్టెతోపాటు ఇచ్చారు. దానివల్ల కొత్త సూత్రధారికి "ఏ కథ చెప్పాలి?" అనే బెంగ తీరింది. ఎక్కడెక్కడో ఉన్న పిల్లలు ఒకే కోటలో, ఒకే గుహలో తిరిగారు. తరువాత ఎప్పుడో కలుసుకున్నప్పుడు చెప్పుకోవడానికి వారికి ఉమ్మడి జ్ఞాపకాలు ఏర్పడ్డాయి.

ఇంత బలమైన ఆట అన్ని దేశాలలోనూ మొదటి స్థానంలో ఉండాలి కదా! కాని జర్మనీ, స్వీడన్, జపాన్ దేశాల కథ వేరు. మాటలే ప్రాణమైన ఆట కనుక ఏ భాషలో ఆడుతున్నారన్నది ఇక్కడ ముఖ్యమయింది.

స్వీడన్‌లో 1982లో 'డ్రాకర్ ఓక్ డెమోనర్' అనే ఆట స్వీడిష్ భాషలో వచ్చింది. డ్రాగన్లు, దయ్యాలు అని ఆ పేరుకు అర్థం. దాని నియమాలకు ఆధారం అమెరికాలోని కేయోసియం సంస్థవారి నియమావళే. అయినా అది స్వీడిష్ పిల్లల చేతికి వారి భాషలోనే అందింది. ఆ దేశంలో ఒక తరం వారికి పాత్రపోషణ ఆట అంటే ఇదే. జర్మనీలో ఉల్రిచ్ కీజో 1984లో 'డాస్ ష్వార్జె ఆవుగె', అనగా 'నల్లకన్ను' అనే ఆటను రచించాడు. ఒక ఆటవస్తువుల సంస్థ, ఒక పుస్తక ప్రచురణ సంస్థ కలిసి దానిని వెలువరించాయి. కనుక పిల్లలు నిత్యం వెళ్ళే దుకాణాలలోనే అది దొరికింది. జర్మనీలో నల్లకన్ను డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను మించిన ఆదరణ పొందింది.

జపాన్‌లో జరిగినది మరీ ఆసక్తికరమైనది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ జపనీస్ అనువాదం 1985లో వచ్చింది. ఆ మరుసటి సంవత్సరం నుంచి ఒక పత్రిక, కొందరు మిత్రులు ఆడిన ఆటను సంభాషణల రూపంలో ధారావాహికగా ప్రచురించింది. ఆటలోని మాటలను రాసి చదివించే ఆ పద్ధతిని జపాన్‌లో 'రీప్లే' అంటారు. ఎన్నడూ ఆడనివారు కూడా దానిని చదివి, ఆట ఎలా సాగుతుందో తెలుసుకున్నారు. అందులోనుంచే 'రికార్డ్ ఆఫ్ లోడోస్ వార్' అనే ప్రసిద్ధ నవలల వరుస పుట్టింది. ఆ బృందమే 1989లో 'సోర్డ్ వరల్డ్' అనే సొంత ఆటను తయారుచేసింది. దానికి మామూలు ఆరు ముఖాల పాచికలు రెండు చాలు. నియమాలు జేబులో పట్టే చవక పుస్తకంగా వచ్చాయి. జపాన్‌లో అది ఎంతో వ్యాపించింది. టన్నెల్స్ అండ్ ట్రోల్స్‌కు అమెరికాలో తోడురాని సులభత్వం సోర్డ్ వరల్డ్‌కు జపాన్‌లో తోడువచ్చింది. సొంత భాష, తక్కువ వెల, చదివి ఆనందించే కథలు దానితో కలిసి ఉండడమే ఇందుకు కారణం.

ఒక ఆట యజమాని దానిని ఎంత బిగించి పట్టుకున్నాడు, ఎంత సడలించాడు అనేది మరొక కారణం. 1997లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అనే సంస్థ కొన్నది. 2000లో మూడవ కూర్పును తెస్తూ, దాని ముఖ్య నియమాలను ఎవరైనా వాడుకొని తమ కథలు, పుస్తకాలు అచ్చువేసుకోవచ్చునని ఒక బహిరంగ అనుమతిపత్రం ప్రకటించింది. దానివల్ల ఎన్నో చిన్న సంస్థలు ఈ ఆటకు పుస్తకాలు రాశాయి. వారు అమ్మిన ప్రతి పుస్తకమూ అసలు ఆటకు ప్రచారమే అయింది. 2008లో నాలుగవ కూర్పు నియమాలను చాలా మార్చింది, అనుమతులను బిగించింది. అప్పుడు పైజో అనే సంస్థ పాత అనుమతిపత్రం ఆధారంగానే 2009లో 'పాత్‌ఫైండర్' అనే ఆటను తెచ్చింది. పాత నియమాలు నచ్చినవారు ఎందరో అటు వెళ్ళారు.

2023 జనవరిలో ఆ అనుమతిపత్రాన్నే మార్చే ప్రయత్నం జరిగింది. దాని మీద ఆధారపడి జీవిస్తున్న రచయితలు, చిన్న ప్రచురణకర్తలు ఆందోళన చెందారు. ఆటగాళ్ళు వారి పక్షాన నిలిచి గట్టిగా నిరసన తెలిపారు. నెల తిరగకముందే సంస్థ వెనక్కు తగ్గింది. ముఖ్య నియమాలను తిరిగి తీసుకోవడానికి వీలులేని విధంగా అందరికీ విడిచిపెట్టింది. ఆట బలం దానిని ఆడేవారిలోనే ఉన్నదని ఈ సంఘటన రుజువు చేసింది.

2014లో వచ్చిన అయిదవ కూర్పు నియమాలను మళ్ళీ సులభం చేసింది. 2015 నుంచి 'క్రిటికల్ రోల్' అనే కార్యక్రమంలో కొందరు నటులు ఈ ఆటను ఆడుతుండగా లక్షలాది మంది ఇంటర్నెట్‌లో చూస్తున్నారు. జపాన్‌లో ముద్రిత రీప్లేలు చేసిన పనినే ఇక్కడ దృశ్యాలు చేశాయి. జపాన్‌లో కూడా వీడియోల వల్ల 1981 నాటి అమెరికన్ ఆట 'కాల్ ఆఫ్ క్తూల్హూ' డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను మించిన ఆదరణ పొందింది. వీరుడి బలం మీద కాక, ఒక రహస్యాన్ని ఛేదించడం మీద నడిచే ఆట అది.

ఎక్కువమంది ఆడేదే ఎక్కువ మంచి ఆట అని దీని అర్థం కాదు. 1991లో వచ్చిన 'వాంపైర్: ద మాస్కరేడ్' యుద్ధాల కంటె పాత్రల మనస్సులోని సంఘర్షణకు ప్రాధాన్యం ఇచ్చి, అంతవరకు ఈ ఆటల వైపు చూడని వారిని కూడా ఆకర్షించింది. కొద్దిమందే ఆడే చిన్న ఆటలలో పుట్టిన మంచి ఊహలు తరువాత పెద్ద ఆటలలోకి చేరడమూ కద్దు. గుణం ఒకటి, వ్యాప్తి ఒకటి. గుణం ఆటలో ఉంటుంది. వ్యాప్తికి తోడుగా ఆడేవారు, నేర్పేవారు, అందుబాటు వెల, సొంత మాట, తెరిచిన తలుపు కావాలి.

భాషలకూ ఇదే వర్తిస్తుంది. ఒక భాష ఎంత అందమైనదైనా, పలకరించడానికి ఎదుట మరొకరు ఉంటేనే అది నోట నిలుస్తుంది. తెలుగు రాష్ట్రాలకు వెలుపల హోసూరులోనో, బరంపురంలోనో, బళ్ళారిలోనో, సిరోంచలోనో నలుగురు తెలుగు పిల్లలు ఒక పాచికను ముందుంచుకొని కూర్చున్నారనుకుందాం. "మీరు నది ఒడ్డుకు చేరారు" అని ఒకరు తెలుగులో మొదలుపెడితే, తక్కిన ముగ్గురూ తెలుగులోనే బదులు చెప్పాలి. దూకేవాడు దూకుతానంటాడు, భయపడేవాడు వద్దంటాడు, తెలివైనవాడు తాడు వెతుకుతాడు. ఆ సాయంత్రం ఆటా నిలుస్తుంది, మాటా నిలుస్తుంది.

ఆలోచించండి – జవాబులు రాయండి

1. పాత్రపోషణ ఆటలో సూత్రధారి చేసే పని ఏమిటి?
2. నియమాలు సులభంగా ఉన్నా టన్నెల్స్ అండ్ ట్రోల్స్ ఎక్కువగా వ్యాపించకపోవడానికి కారణం ఏమిటి?
3. జర్మనీ, స్వీడన్, జపాన్ దేశాల ఉదాహరణల వల్ల మీరు గ్రహించినదేమిటి?
4. 'నలుగురితో నారాయణ' అనే సామెతను సొంత వాక్యంలో ప్రయోగించండి.
5. మీ ఊరిలో పెద్దవారు చిన్నతనంలో ఆడిన ఒక ఆటను గురించి అడిగి తెలుసుకోండి. దాని నియమాలను పది వాక్యాలలో రాయండి. ఇప్పుడు దానిని ఎందరు ఆడుతున్నారు? కారణాలు చర్చించండి.