కాలేజీలో పరాయివాళ్ళ కథలు మనకెందుకు?

(మహిళల రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

పొయ్యి మీద పని ఒక కొలిక్కి వచ్చి, కాస్త నడుం వాల్చే వేళ అయిందనుకుంటాను. ఈవేళ నేను పచ్చళ్ళ గురించీ, పిల్లల జలుబుల గురించీ చెప్పబోవడం లేదు. డిగ్రీ చదివే పిల్లలున్న ఇళ్ళల్లో తరచు వినపడే ఒక ప్రశ్న గురించి నాలుగు మాటలు చెబుతాను.

"ఇంగ్లీషు మెయిను అంటావు, చేతిలో ఎప్పుడు చూసినా కథల పుస్తకమే. అదీ ఆఫ్రికా వాళ్ళదీ, మలయాళం వాళ్ళదీనూ! వాళ్ళ గొడవ మనకెందుకే? ఇది చదివితే ఉద్యోగం వస్తుందా?" అని తల్లి అడుగుతుంది. కూతురు సరిగ్గా జవాబు చెప్పలేక, "నీకు తెలీదులే అమ్మా" అని గదిలోకి పోతుంది. నేను చాలా ఏళ్ళు ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినదాన్ని గనుక, ఆ జవాబేదో నేనే చెప్పి చూస్తాను.

మా అమ్మల కాలంలో ఇంగ్లీషు సాహిత్యం అంటే ఇంగ్లండు సాహిత్యమే. డాఫొడిల్ పువ్వును కంటితో చూడని పిల్లలు దాని మీద రెండు పేజీలు రాసేవారు. పెరట్లో గుప్పుమనే మొగలిపువ్వు మీద మాత్రం ఏ పరీక్షలోనూ ప్రశ్న వచ్చేది కాదు. ఇంగ్లీషు ఇంగ్లండు వాళ్ళ ఒక్కళ్ళ సొత్తు కాదని క్రమంగా అందరూ గ్రహించారు. ఈ మార్పులో మన వాల్తేరుకు కూడా పాలుంది. 1947లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇంగ్లీషు ఆచార్యులుగా వచ్చిన కె. ఆర్. శ్రీనివాస అయ్యంగారు, మన దేశంవాళ్ళు ఇంగ్లీషులో చేసిన రచనల మీద 1962లో ఒక పెద్ద గ్రంథమే వేశారు. 1968లో ఆఫ్రికాలోని నైరోబి యూనివర్సిటీ కాలేజీలో న్గూగీ వా థియాంగో, ఆయన సహోద్యోగులు ఇద్దరూ ఇంకో అడుగు ముందుకు వేశారు. ఇంగ్లీషు శాఖను ఎత్తివేసి, తమ ఆఫ్రికా భాషలనూ సాహిత్యాన్నీ నడిమధ్య నిలబెట్టే శాఖ పెట్టమని అడిగారు. ఇంగ్లండు కథలు వద్దని కాదు, అవే కొలబద్ద కాకూడదని వాళ్ళ వాదన.

ఇలా వచ్చినదే ఇప్పుడు కాలేజీల్లో బహుళ సంస్కృతుల సాహిత్యం అని చెప్పుకునేది. వేరు వేరు జాతులు, భాషలు, మతాలు, ఆచారాలు గల మనుషులు తమ బతుకును తామే చెప్పుకున్న రచనలన్న మాట. కొన్ని ఇంగ్లీషులోనే రాసినవి, కొన్ని అనువాదమై వచ్చినవి.

దీనివల్ల ప్రయోజనం ఏమిటో అమెరికాలో రుడీన్ సిమ్స్ బిషప్ అనే అధ్యాపకురాలు 1990లో ఒక చిన్న వ్యాసంలో తేలికగా చెప్పారు. పిల్లలకు పుస్తకం అద్దమూ కావాలి, కిటికీ కూడా కావాలి అన్నారామె. అద్దంలో తన మొహం కనపడాలి, కిటికీలోంచి పక్కవాళ్ళ ఇల్లు కనపడాలి. అద్దమే లేని ఇంట్లో పెరిగిన పిల్ల తన మొహం చూడదగ్గది కాదేమో అనుకుంటుంది. కిటికీ లేని ఇంట్లో పెరిగిన పిల్ల లోకమంతా తన ఇల్లే అనుకుంటుంది. రెండూ నష్టమే కదండీ!

ఇక అసలు సంగతి చెబుతాను. నా క్లాసులో ఒక ఏడాది డొంకూరు అమ్మాయి చేరింది. డొంకూరు అంటే ఇచ్ఛాపురం దగ్గర, ఉద్దానం తీరానికి ఈ చివర, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. అక్కడినుంచి కాస్త దూరం పోతే ఒడిశా వచ్చేస్తుంది. ఇచ్ఛాపురం బజారులో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది. మందస, మెళియాపుట్టి కొండల మీదకు పోతే సవరల మాట వినపడుతుంది. బహుళ సంస్కృతులంటే ఏమిటో ఆ ప్రాంతం వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు, సంతకు పోతే చాలు. ఆ అమ్మాయి తండ్రి అక్కడి చాలామంది మగవాళ్ళలాగే గుజరాత్‌లోని వెరావల్ పోయి బోట్ల మీద పని చేసేవాడు. తల్లి చేపలు ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని అమ్ముకొచ్చేది. ఇంటిల్లిపాదిలో కాలేజీ గడప తొక్కింది ఈ పిల్ల ఒక్కతే.

పాఠం "చెమ్మీన్". తకళి శివశంకర పిళ్ళై 1956లో మలయాళంలో రాసిన నవల. మరుసటి ఏడే సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. నారాయణ మీనన్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1962లో వెలువడింది. 1965లో సినిమాగా కూడా వచ్చింది, మీలో కొందరు చూసే ఉంటారు. కేరళ తీరాన చేపలు పట్టేవాళ్ళ కథ. కరుత్తమ్మ అనే పిల్ల పరీక్కుట్టి అనే ముస్లిం వర్తకుణ్ణి ప్రేమిస్తుంది, పళని అనే జాలరిని పెళ్ళి చేసుకోవలసి వస్తుంది. మగడు సముద్రం మీద ఉన్నప్పుడు ఒడ్డున ఉన్న ఇల్లాలు నీతి తప్పితే కడలమ్మ అతన్ని మింగేస్తుందని అక్కడివాళ్ళు నమ్ముతారని నవల చెబుతుంది. చివరకు పళని సముద్రంలో పోతాడు.

దీని మీద వ్యాసం రాయమన్నాను. ఈ అమ్మాయి నాలుగు పేజీలు తెచ్చింది. చక్కని ఇంగ్లీషే. కాని ఒక్క వాక్యమూ తనది కాదు, ఫోనులో దొరికిన సారాంశం. అందులో "మత్స్యకారులు మూఢనమ్మకాలు గలవారు" అని ఉంది. నేను కోప్పడలేదు. "మత్స్యకారులు అంటే ఎవరమ్మా?" అని మాత్రం అడిగాను. పిల్ల తల వంచుకుంది. తన వాళ్ళ గురించి ఎవరో అన్న మాటను తన చేత్తో తానే రాసిందన్న మాట! "ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథ మీ అమ్మకు మీ మాటల్లో చెప్పు. ఆవిడ ఏమంటుందో విని రా" అన్నాను.

సోమవారం వచ్చి చెప్పింది. తల్లి చేపలు తిరగేస్తూ కథంతా విందట. ప్రేమ దగ్గర ఏమీ అనలేదట. పళని పోయిన చోట మాత్రం చెయ్యి ఆపి, "ఆడొక్కడే సంద్రంలోకి ఎందుకెల్లాడు? జట్టోళ్ళేరీ? మీ బుక్కులో ఆ సంగతి నేదేటి?" అని అడిగిందట.

చూశారా! ఆవిడకు అక్షరం ముక్క రాదు. కాని మా క్లాసులో ఎవరికీ తట్టని ప్రశ్న అది. అమ్మాయి మళ్ళీ పుస్తకం తెరిచి వెదికింది. జవాబు నవలలోనే ఉంది. కరుత్తమ్మ మీద ఊళ్ళో గుసగుసలు బయలుదేరాక, పళని వస్తే పడవకు కీడు అని జట్టువాళ్ళే అతన్ని దూరం పెడతారు. అందుకే అతను చిన్న పడవ మీద, గాలం పట్టుకుని ఒంటరిగా పోవలసి వస్తుంది. అలాంటి రాత్రే పెద్ద సొరచేప తగిలి, సుడిలో చిక్కుతాడు. మరి అతన్ని చంపింది భార్య తప్పా, ఒంటరిని చేసిన ఊరి మాటా? అమ్మాయి రెండో వ్యాసం ఈ ఒక్క ప్రశ్న మీదే నడిచింది.

అందులో తన చుట్టుపక్కల సంగతి ఒకటి కూడా చేర్చింది. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకు పోయిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు కొందరు పాకిస్తాన్ వాళ్ళకు చిక్కి, 2020 జనవరిలో గాని ఇళ్ళకు చేరలేదు. అన్ని నెలలూ ఇంటి దగ్గర ఆడవాళ్ళు కళ్ళల్లో ఒత్తులు వేసుకుని చూశారు. ఇందులో ఏ ఇల్లాలి నీతి తప్పింది? నీళ్ళ మీద గీత కనపడదు, పొట్టకోసం అంత దూరం పోవాలి. అవీ కారణాలు అని రాసింది.

ఇంకో సంగతి ఆ పిల్ల వ్యాసంలో రాయలేదు, నాతో మాత్రం చెప్పింది. ఆ రోజు తల్లి చివరకు ఈ మాట అన్నదట: "మా అప్పనీ అలాగే అన్నారు. పాదం మంచిది కాదన్నారు. గాలివాన వచ్చింది, తెప్ప పోనాది. దాని పాదం ఏటి సేస్తాది?" ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ మాట పైకి అనడం అదే మొదటిసారట. ఆ అప్పగారిని ఇచ్చింది వేరే ఊరు. కాని "పాదం మంచిది కాదు" అనే మాట ఏ ఊరిదండీ? మన పట్నాల్లో, పంఖా కింద కూర్చుని మనం అనడం లేదూ? కోడలు వచ్చిన ఏడాదే మామగారు పోయారనీ, వ్యాపారం దెబ్బ తిన్నదనీ వినడం లేదూ? కేరళ కథ కిటికీ అనుకుని తెరిస్తే, అది అద్దమైంది.

అలాగని పరాయి కథలన్నీ మనవే అనుకోవడమూ పొరపాటే. నైజీరియా రచయిత చినువా అచేబె 1958లో వెలువరించిన "థింగ్స్ ఫాల్ అపార్ట్" చాలా కాలేజీల్లో చదువుతారు. అందులో ఇగ్బో జాతివాళ్ళ పల్లె, వాళ్ళ యామ్ దుంపల సేద్యం, సామెతలు ఎంతో గౌరవంగా కనపడతాయి. వాళ్ళ మాటలు కొన్నింటిని ఆయన ఇంగ్లీషులోకి మార్చకుండా అలాగే ఉంచేశాడు. "తాళి"ని, "వాయనం"ని మనం మాత్రం ఇంగ్లీషులో ఏమని చెబుతాం? అదే పుస్తకంలో పుట్టిన కవలలను అడవిలో పారేసే ఆచారమూ ఉంది. "ఛీ, అడవి మనుషులు" అని పుస్తకం మూసేసేవాళ్ళు కొందరు. "అది వాళ్ళ ఆచారం, అనడానికి మనమెవరం" అనేవాళ్ళు కొందరు. రెండూ తొందరపాటే. అలా బిడ్డలను పోగొట్టుకున్న న్నెకా అనే తల్లి, కొత్తగా వచ్చిన మతంవాళ్ళ దగ్గరకు వెళ్ళిపోతుందని అచేబెయే చూపించాడు. అంటే ఆ ఆచారం లోపల కూడా కాదనే మనసు ఉందన్న మాట. ఏ సంస్కృతీ ఒకే గొంతుతో మాట్లాడదు. ముఖ్యంగా అందులోని ఆడవాళ్ళ గొంతు వేరే వినాలి.

ఆ నవల చివర ఒక తెల్లదొర, ఒకొంక్వో అనే ఆ కథానాయకుడి బతుకంతటినీ తాను రాయబోయే పుస్తకంలో ఒక పేరాలో సరిపెట్టవచ్చు అనుకుంటాడు. ఆ చోట క్లాసులో నేను గిడుగు రామమూర్తి పంతులుగారి సంగతి చెప్పేదాన్ని. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, పర్లాకిమిడిలో మేష్టరు పని చేసిన ఆయన సవరల భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకు వాచకాలు రాశారు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. ఒకరు జాతినంతా ఒక పేరాలోకి కుదించారు, మరొకరు వాళ్ళ ఒక్కొక్క మాటకూ చోటిచ్చారు. పరాయివాళ్ళను గురించి రాసేటప్పుడు ఎవరి దారిన పోవాలో పిల్లలకు ఇంతకంటే ఏం చెప్పాలి?

ఇక రాయడం ఎలాగంటారా? పెద్ద మర్మమేమీ లేదు. ముందు పుస్తకం, తర్వాతే సారాంశాలు, గైడులూ. కథ ఏ కాలానిది, ఏ చోటిది, ఎవరు చెబుతున్నారు, ఎవరు నోరు మెదపడం లేదు అని చూసుకోవాలి. అనువాదమైతే అనువాదకుడి పేరు మరవకూడదు, మనం చదివేది ఆయన మాటలే. తర్వాత ఒకే ఒక ప్రశ్న పట్టుకోవాలి. పది విషయాలు పైపైన ముట్టుకుంటే వ్యాసం కలగూరగంప అవుతుంది. చెప్పే ప్రతి మాటకూ పుస్తకంలోంచి ఒక సంఘటన సాక్ష్యంగా చూపాలి. సొంత అనుభవం రాయవచ్చు, కాని అది దీపంలాంటిది. పుస్తకంలో ఏముందో చూడడానికి పనికొస్తుంది, లేనిదాన్ని ఉందనడానికి కాదు. చివరగా, ఒక్క పుస్తకం చదివి ఒక జాతినంతా చదివేశామనుకోకూడదు. ఒకే కథ వింటే వచ్చే ప్రమాదం గురించి నైజీరియా రచయిత్రి చిమమాండా అడీచీ 2009లో ఇచ్చిన ఉపన్యాసం లోకమంతా విన్నది.

మరి ఉద్యోగం మాట? చదివినదాన్ని గుడ్డిగా నమ్మకుండా ప్రశ్న వేయడం, వేరే రకం మనుషుల మాట ఓపికగా వినడం, విన్నదాన్ని సాక్ష్యంతో నాలుగు పేజీల్లో పెట్టడం. ఈ మూడూ వచ్చిన పిల్లను ఏ ఆఫీసు కాదంటుంది చెప్పండి?

మీరు చేయవలసింది ఒక్కటే. ఈసారి మీ అమ్మాయి చేతిలో నవల కనపడితే "ఏం ఉద్యోగం వస్తుందే" అనకండి. కూర తరుగుతూ, "ఏదీ, ఆ కథ చెప్పు" అనండి. మీకు తోచిన ప్రశ్న మొహమాటపడకుండా అడగండి. డొంకూరు తల్లి అడిగినలాంటి ప్రశ్న మీ నోటినుంచీ రావచ్చు. కథ వినడానికి డిగ్రీ అక్కరలేదు కదండీ.