లీలావతికి దొరికిన నీడ

బొర్రా గుహల వద్ద పుట్టిన గోస్తనీ నది తగరపువలస మీదుగా ప్రవహించి భీమునిపట్నం వద్ద సాగరంలో కలుస్తుంది. గోస్తని అంటే ఆవు పొదుగు. అమ్మతనాన్ని పేరులోనే నింపుకున్న ఆ ఏటి ఒడ్డు నుండి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని విశాఖకు రోజూ ఉద్యోగాలకు వెళ్లివచ్చేవారిలో గర్భవతులూ ఉంటారు.

మేమెరిగిన ఒక ఇంటి కోడలు ఆరో నెల నిండినా తెల్లవారగానే వంట ముగించి బస్సెక్కేవారు. ఆఫీసులో లెక్కల గడువులు, పైవారి చిరాకులు. "మనసు ప్రశాంతంగా ఉంచుకో తల్లీ, రోజూ భాగవతం చదువుకో. కడుపులో బిడ్డ వింటుంది" అనేవారు అత్తగారు. రాత్రి పుస్తకం తెరిస్తే రెండు పుటలకే కునుకు. బిడ్డకు అపచారం చేస్తున్నానేమోనన్న దిగులు ఆమెకు మరొక బరువైంది. ఒకనాడు ఆమె కంటతడి పెట్టగా, అత్తగారే సప్తమ స్కంధం తీసి చదవసాగారు.

హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లిన వేళ, గర్భవతియైన లీలావతిని ఇంద్రుడు చెరపట్టి తీసుకుపోతుంటాడు. నారదుడు అడ్డుపడతాడు. ఆమెను విడిపించి, భర్త తిరిగివచ్చే వరకు ఇక్కడే ఉండమని తన ఆశ్రమంలో నీడనిస్తాడు. ధర్మబోధ ఆ తరువాతి మాట. లీలావతి అక్కడ ఊరక కూర్చోలేదు, మునికి పరిచర్యలు చేసింది. పని ఉంది, భయం లేదు. మరొక విశేషం. విన్న ఉపదేశాన్ని కాలక్రమంలో తల్లి మరచిపోయింది, గర్భంలోని ప్రహ్లాదుడు మరువలేదు.

అత్తగారు అక్కడ ఆగిపోయారు. మర్నాటి నుండి ఉదయపు వంట ఆమెదే అయింది. భర్త భార్యను వైద్యురాలి వద్దకు తీసుకువెళ్లి, ఎక్కువసేపు నిలబడరాదని, మధ్యమధ్య విశ్రాంతి అవసరమని వ్రాయించుకున్నారు. ఆ కాగితం చూసి పై అధికారి వేళలు మార్చారు. నోటిమాటగా అడిగినప్పుడు మాత్రం వినలేదట!

సెలవు ఎవరి దయాధర్మమూ కాదు. ప్రసూతి ప్రయోజన చట్టం 1961లోనే వచ్చింది. 2017 నాటి సవరణ మొదటి రెండు కాన్పులకు వేతనంతో కూడిన సెలవును 12 నుండి 26 వారాలకు పెంచింది. అందులో 8 వారాల వరకు ప్రసవానికి ముందే తీసుకోవచ్చు. తరువాత వచ్చిన సామాజిక భద్రతా స్మృతి కూడా ఆ హక్కును నిలిపింది. చట్టం వర్తించే సంస్థలో, ప్రసవానికి ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం వాపు, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం వంటివి కనిపిస్తే జపతపాలతో జాగు చేయరాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రెండు వారాలకు పైగా నిద్రలేమి, నిరాశ వీడకపోయినా వైద్యులకు చెప్పవలసిందే. మనోవ్యథను పంచుకొనేందుకు 14416 అనే ఉచిత టెలీ మానస్ నంబరు 2022 నుండి ఉంది.

ఎనిమిదో నెల నడుమ ఆ కోడలు సెలవు తీసుకున్నారు. సాయంత్రాలు అత్తగారు చదువుతుంటే వింటూనే నిద్రలోకి జారుకునేవారు. "నువ్వు పడుకో అమ్మా, వినేవాడు వింటున్నాడులే" అంటూ ఆ పెద్దావిడ గొంతు తగ్గించి మిగిలిన ఘట్టం పూర్తిచేసేవారు.