కళ్లముందు పిండిన పాలే అయినా...

మాల్టా దీవిలో ఒకప్పుడు మేకలను ఇంటింటికీ తోలుకెళ్లి గుమ్మం ముందే పాలు పిండి పోసేవారు. నీళ్లు కలిపారన్న అనుమానానికి తావే లేదు. అయినా అక్కడి బ్రిటిష్ సైనికులను ఒక మొండి జ్వరం వదిలేది కాదు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. కీళ్లనొప్పులు, చెమటలు, నెలల తరబడి మంచం. 1887లో డేవిడ్ బ్రూస్ ఆ జ్వరానికి కారణమైన బ్యాక్టీరియాను పట్టుకున్నాడు. అది మనుషులకు ఎలా చేరుతోందో తేలడానికి మరో 18 ఏళ్లు పట్టింది. 1905లో మాల్టా వైద్యుడు థెమిస్టోక్లిస్ జమ్మిట్ మేకల రక్తం పరీక్షించి చూస్తే, నిక్షేపంగా కనిపిస్తున్న మేకలే ఆ క్రిమిని మోస్తున్నాయని తేలింది. మరుసటి ఏడాది సైన్యానికి మేకపాలు ఆపేశారు. కేసులు అమాంతం పడిపోయాయి. ఆ జబ్బే బ్రూసెల్లోసిస్. మన పశువుల్లోనూ ఉంది. చూడి గేదెలు, ఆవులు ఈసుకుపోవడానికి అదో ముఖ్య కారణం.

నగరాల్లో గాజుసీసాల పచ్చిపాలు కొనేవారికి దొరికే హామీ కూడా మాల్టా హామీ లాంటిదే: దేశవాళీ ఆవు, శుభ్రమైన కొట్టం, తెల్లవారుజామున పిండిన పాలు. అందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ అది కల్తీ భయానికి జవాబు, క్రిమి భయానికి కాదు. ప్రమాదకరమైన ఈ.కోలి రకాలు ఆరోగ్యంగా ఉన్న పశువు పేడలోనూ ఉంటాయి. పొదుగుకు అంటిన కంటికి కనిపించనంత మరక చాలు. గర్భిణులకు ముప్పు తెచ్చే లిస్టీరియా ఫ్రిజ్ చలిలోనూ పెరుగుతుంది. 2024లో అమెరికా పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ సోకినప్పుడు పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి. ఈ క్రిములన్నిటికీ విరుగుడు ఒక్కటే, వేడి. పాలను 63 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరచడమే పాశ్చరైజేషన్. కాల్షియం, మాంసకృత్తులు అలాగే ఉంటాయి. బి విటమిన్లు కొన్ని కొద్దిగా తగ్గుతాయి. విటమిన్ సి కూడా తగ్గుతుంది గానీ దాని కోసం పాలు తాగేవారెవరు?

పచ్చిపాల పక్షాన ఉన్న వాదనల్లో ఒకటి నిజంగా బరువైనది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ దేశాల బడిపిల్లల మీద జరిగిన గాబ్రియేలా అధ్యయనం 2011లో వెలువడింది. పొలాల దగ్గరి పచ్చిపాలు తాగే పిల్లల్లో ఉబ్బసం, అలర్జీలు తక్కువగా కనిపించాయి. కాచిన పాలతో ఆ తేడా కనిపించలేదు. పాలవిరుగుడు తేటలోని మాంసకృత్తులకు ఇందులో పాత్ర ఉండొచ్చని పరిశోధకుల ఊహ. అయితే అది రెండిటికీ సంబంధం చూపిందే తప్ప, పచ్చిపాలే కారణమని నిరూపించలేదు. అందుకే పచ్చిపాలు తాగండని ఆ పరిశోధకులే చెప్పలేదు. ఉబ్బసం తగ్గవచ్చునన్న ఆశతో పసిపిల్లల మూత్రపిండాలను దెబ్బతీయగల ఈ.కోలికి తలుపు తీయడం లాభసాటి బేరం కాదు. పాలు పడనివారికి పచ్చిపాలు పడతాయన్న మాటకైతే ఆధారమే లేదు; లాక్టోజ్‌ను అరిగించే ఎంజైము పచ్చిపాలలోనూ ఉండదు. ఇన్నేళ్లు తాగినా ఏమీ కాలేదనే వారూ ఉంటారు. ప్రతి గ్లాసులోనూ విషముందని ఎవరూ అనడం లేదు. ఏ గ్లాసులో ఉందో చూసి చెప్పలేమన్నదే చిక్కు.

అసలు మన ఇళ్లలో గుమ్మపాలు తాగిన కొద్దిమందిని మినహాయిస్తే అందరిదీ పొంగు వచ్చేదాకా కాచే అలవాటే. పాశ్చరైజేషన్ కంటే అది పెద్ద వేడి. ప్యాకెట్ పాలను వేడిచేసి సారం తీసేశారని విసుక్కునేవారే ఇంటికి తెచ్చి వాటిని మళ్లీ కాస్తారు! డెయిరీ నుంచి ఇంటిదాకా చల్లగానే వచ్చిన ప్యాకెట్‌ను కాయనక్కర్లేదు. మే నెల ఎండలో కిరాణా కొట్టు మెట్ల మీద గంటసేపు క్రేట్లలో ఉన్నదైతే ఒకసారి కాచుకోవడమే తెలివి. పూటపూటా మరగబెట్టడం మాత్రం దండగ. వేడికి లొంగనివీ కొన్ని ఉన్నాయి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో దేశమంతటా చేయించిన సర్వేలో 5.7 శాతం నమూనాల్లో అఫ్లాటాక్సిన్ ఎం1 పరిమితికి మించి ఉంది. బూజు పట్టిన దాణా, చెక్క తిన్న పశువు పాలలోకి దిగే విషమది. పచ్చిపాలైనా, ప్యాకెట్ పాలైనా దాన్ని ఆపాల్సింది పొయ్యి మీద కాదు, దాణా నిల్వ చేసే కొట్లో.