నిర్ణయశక్తి కోల్పోయినవారి పేరిట కానుకలు

డిమెన్షియా వల్లనో, పక్షవాతం వల్లనో తన ఆస్తి వ్యవహారాలపై నిర్ణయం తీసుకునే శక్తిని కోల్పోయిన మనిషి సొమ్మును ఆ మనిషి పోషణకే మరొకరు ఖర్చుపెట్టడంలో ఎవరికీ అభ్యంతరం ఉండదు గాని, అదే సొమ్ములోంచి మనవరాలి పెళ్ళికి చదివింపులు ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. కానుక ఇచ్చేవారి ఇష్టం మీద ఆధారపడినది కాగా, ఆ ఇష్టాన్ని ఇక్కడ ఇంకొకరు ఊహించవలసి వస్తుంది. పైగా ఊహించేవారే చాలాసార్లు పుచ్చుకునేవారు కూడా అవుతారు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ చిక్కును 2005 నాటి మెంటల్ కెపాసిటీ యాక్ట్ పరిష్కరిస్తుంది. తెలివి నిలకడగా ఉన్నప్పుడే తన తరఫున వ్యవహరించేవారిని ఎంచుకుని రాసి, రిజిస్టరు చేయించే పత్రాన్ని లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ అంటారు. అలా ఎంపికైన ప్రతినిధి బంధుమిత్రులకు, తనతో సహా, పుట్టినరోజు, పెళ్ళి వంటి ఆనవాయితీ సందర్భాలలో కానుకలు ఇవ్వవచ్చునని, ఆ మనిషి మునుపు విరాళమిచ్చిన, లేదా ఇచ్చి ఉండేవారనిపించే ధర్మసంస్థలకూ ఇవ్వవచ్చునని 12వ సెక్షను అనుమతిస్తూనే, కానుక విలువ ఆస్తి పరిమాణాన్ని బట్టి సమంజసంగా ఉండాలని షరతు పెడుతుంది. కుటుంబాలలో కానుకలిచ్చుకునే ఏ సందర్భమైనా దీని కిందికి వస్తుంది కనుక దీపావళికి, గృహప్రవేశానికి కూడా చోటుంది. జబ్బు చేసినంత మాత్రాన మనిషిని పెట్టుపోతల నుంచి వెలివేయకపోవడం ఈ చట్టంలోని గొప్ప గుణం.

ఈ హద్దు దాటే ప్రతి కానుకకూ కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ అనే ప్రత్యేక న్యాయస్థానం ముందస్తు అనుమతి కావాలి. ఇంటిని తక్కువ ధరకు అమ్మడం, వడ్డీలేని అప్పు ఇవ్వడం కూడా కానుకలుగానే లెక్కకు వస్తాయి. పసుపు కుంకుమల పేరుతో ఆస్తి రాసివ్వడం సహజంగానే ఈ కోవలోకి చేరుతుంది. పత్రంలో ముందుగా రాసుకున్నా ఈ అధికారాన్ని కుదించడానికే గాని విస్తరించడానికి వీలులేదు. ముందస్తు పత్రమేదీ లేనప్పుడు కోర్టు నియమించే డెప్యూటీకి ఆ ఉత్తర్వులో ఉన్నంత వరకే అధికారం.

2013లో తీర్పు వెలువడిన ఒక కేసులో, తొంభై ఏళ్ళు దాటిన వితంతువు ఆస్తిలోంచి ఇద్దరు డెప్యూటీలు ఖరీదైన గడియారాలు, కార్లతో సహా రెండు లక్షల పౌండ్లకు పైగా తమకూ ఇతరులకూ పంచిపెట్టగా, వాటిలో అధికభాగాన్ని ఆమోదించడానికి కోర్టు నిరాకరించింది. ఆస్తి వారసత్వ పన్ను పరిమితి అయిన 3,25,000 పౌండ్లను మించి, ఆయువు ఐదేళ్ళకు లోపేనని అంచనా ఉండి, కానుకల వల్ల సంరక్షణ ఖర్చుకు లోటు రాక, ఆ వ్యక్తికి ఇష్టం లేదనడానికి ఆధారమేదీ లేని పక్షంలో, ఏటా 3,000 పౌండ్ల వరకు, పదిమందికి మించకుండా తలా 250 పౌండ్ల వరకు ఇవ్వడాన్ని స్వల్ప అతిక్రమణగా ఉపేక్షించవచ్చునని అదే తీర్పు చెప్పింది. పన్ను తగ్గుతుందన్న వాదన వారసులకు ముఖ్యం కావచ్చు గాని, ఎన్నాళ్ళు సాగుతుందో తెలియని సంరక్షణ ఖర్చుకు సొమ్ము మిగలడమే మంచంలో ఉన్న మనిషికి ముఖ్యం.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇంకొక సంగతి గమనించాలి. భారతదేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే పవర్ ఆఫ్ అటార్నీ కింద సంక్రమించిన అధికారం రద్దవుతుంది. అందువల్ల తల్లి ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాసిచ్చిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ)ని ఆమెకు నిర్ణయశక్తి పోయాక చూపి గుంటూరులోని ఇంటిని ఎవరికైనా దానపత్రం చేస్తే, ఆ పత్రం న్యాయపరీక్షకు నిలవడం కష్టం.