పోలికలు దించే మర

లేత్ మిషన్‌కి ఒక గుణం ఉంది. తన ఒంట్లో ఏ వంకర ఉంటే ఆ వంకరనే చేసే వస్తువులోకి దించుతుంది. టూల్‌ని మోసే బండి జారే బెడ్ మెలి తిరిగి ఉంటే కడ్డీ ఒక కొస లావు, ఒక కొస సన్నం. ఆ బండిని నడిపే లీడ్ స్క్రూ మరల మధ్య ఎడం హెచ్చుతగ్గులుగా ఉంటే అది కోసిన మరల్లోనూ అవే హెచ్చుతగ్గులు. బిడ్డకి తల్లి ముక్కు వచ్చినట్టే. చిక్కంతా ఇక్కడే ఉంది. మంచి స్క్రూ కోయాలంటే మంచి స్క్రూ ఉన్న లేత్ కావాలి. మరి ఆ మొదటి మంచి స్క్రూ ఎక్కణ్ణుంచి వచ్చింది?

చెక్క తరిమెన, అంటే చెక్క పని చేసే లేత్, వయసు వేల ఏళ్ళు. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేసేవారి పక్కన కాసేపు నిలబడితే దాని పద్ధతి తెలిసిపోతుంది. కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలిని దన్నుకు ఆనించి చేత్తోనే పడతారు. లక్క ముక్కను తిరిగే బొమ్మకు నొక్కితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఎంత లోతు కోయాలో మణికట్టుకి తెలుసు. చెక్కకి అది చాలు. ఇనుము దగ్గరికొచ్చేసరికి మణికట్టు చేతులెత్తేస్తుంది. జానెడు కడ్డీని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒకే లావున నిలబెట్టాలంటే ఉలిని చెయ్యి కాకుండా ఇనుమే పట్టుకోవాలి.

ఆ పని కుదిరేలా చేసినవాడు హెన్రీ మాడ్‌స్లీ. 1771లో లండన్ పక్కన వూలిచ్‌లో పుట్టాడు. పన్నెండేళ్ళకే అక్కడి ఆయుధాగారంలో తూటాలు నింపే పనికి కుదిరాడు. 1789లో జోసెఫ్ బ్రామా అనే తాళాల తయారీదారు దగ్గర చేరాడు. బ్రామా తాళాన్ని తెరిచినవారికి 200 గినీలు ఇస్తామని దుకాణం కిటికీలో బోర్డు పెట్టారు. 1851లో ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ దాన్ని తెరవడానికి 51 గంటలు పట్టింది. అంత కచ్చితమైన భాగాలను ఆకురాయితో అరగదీస్తూ కూర్చుంటే గిట్టుబాటు కాదు. వాటికి కావలసిన యంత్రాలు చేసిపెట్టింది మాడ్‌స్లీయే. వారానికి 30 షిల్లింగుల జీతం పెంచమంటే బ్రామా కాదన్నాడు. మాడ్‌స్లీ 1797లో బయటికొచ్చి సొంత షాపు తెరిచాడు. జీతం పెంచని యజమానులు చరిత్రకి చేసిన మేలు తక్కువేం కాదు.

1800 ప్రాంతంలో అతను చేసిన స్క్రూ కోసే లేత్ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. బెడ్‌గా రెండు ముక్కోణపు ఇనుప కడ్డీలు, వాటి మీద జారే బండి, బండిలో బిగించిన టూల్, దాన్ని నడిపే లీడ్ స్క్రూ. వీటిలో ఏ ఒక్కటీ అతని సొంత ఊహ కాదు. ఫ్రాన్స్‌లో వోకాన్సన్, ఇంగ్లాండ్‌లో రామ్స్‌డెన్ అంతకుముందే ఇలాంటివి చేశారు. అన్నిటినీ ఒకే ఇనుప ఒంట్లో గట్టిగా కూర్చి, రోజూ వాడే పనిముట్టుగా మార్చడమే మాడ్‌స్లీ గొప్ప.

ఇక ఆ మొదటి స్క్రూ సంగతి. తగరం లాంటి మెత్తటి లోహపు కడ్డీకి ఒక ఉక్కు కత్తిని కొంచెం ఏటవాలుగా నొక్కిపెట్టి కడ్డీని తిప్పాడు. కత్తి గాటు పడుతూ తన వాలును బట్టి పక్కకి నడుస్తుంది. చుట్టూ ఒక మర గీత పడుతుంది. అలా చాలా చేసి, వాటిలో మేలైనదాన్ని ఏరి, దాంతో ఉక్కు స్క్రూ కోసి, దానిలో మిగిలిన తప్పుల్ని మళ్ళీ సవరించాడు. తరువాతి తరం ముందు తరం కంటే మెరుగ్గా రావడం అప్పుడే మొదలైంది. 1805లో చేసిన అతని కొలత పరికరం అంగుళంలో పదివేలో వంతు చూపించేది. షాపులో దానికి 'లార్డ్ ఛాన్సలర్' అని పేరు. కొలతలో తగువు వస్తే దాని తీర్పే ఆఖరు.

సమతలానికీ ఇదే పేచీ. ఒక పలకకి నీలం రంగు పూసి రెండోదానికి రుద్ది, రంగు అంటిన మిట్టలను స్క్రేపర్‌తో గీకుతూ పోతే రెండూ అతుక్కుపోయేలా కలుస్తాయి. కలిసినంత మాత్రాన చదునని కాదు, ఒకటి బొర్రగా, రెండోది గుంటగా ఉన్నా కలుస్తాయి. మూడో పలకను తెచ్చి మూడింటినీ జతలు మార్చి మార్చి గీకితే బొర్రకీ గుంటకీ దాక్కునే చోటు ఉండదు. ఎటు తిప్పి పెట్టినా మూడూ ఒకదానికొకటి కలిశాయంటే చదునే. మాడ్‌స్లీ దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1840లో ఈ పద్ధతిని శాస్త్రవేత్తల సభలో వివరించాడు. లేత్ లేకుండా లేత్‌కి ఆధారం పుట్టించే పద్ధతి ఇదే. అమెరికాలో డేవిడ్ జింజరీ తుక్కు అల్యూమినియం కరిగించి ఇంట్లోనే లేత్ చేసుకోవడం ఎలాగో 1980లలో పుస్తకాలు రాశాడు. ఆయన పాఠకులకు కూడా గీకుడు తప్పలేదు.

ఇంట్లో బల్ల మీద చిన్న లేత్ పెట్టుకున్నవాళ్ళకి మొదట ఎదురయ్యేది ఈ పోలికల గొడవే. అంత బరువైన పోత ఇనుము వంగదనుకుంటాం. నాలుగు బోల్టులు బల్లకి బిగించే బిగింపుకే బెడ్ మెలి పడుతుంది. దాన్ని పట్టుకునే తీరు సులువు. లావాటి కడ్డీని పట్టి తిప్పే చక్‌లో బిగించి, అవతలి కొసను మోసే టెయిల్ స్టాక్ ఆనించకుండా, చక్ దగ్గర ఒకటి, బయటి కొసన ఒకటి పట్టీలు వదిలి మధ్య భాగం తగ్గించాలి. తర్వాత పదునైన టూల్‌తో, టూల్‌ని లోపలికి నెట్టే క్రాస్ స్లైడ్ ముట్టుకోకుండా, రెండు పట్టీల మీదా ఒకే సన్నటి కట్ తీసి మైక్రోమీటర్‌తో చూడాలి. బయటి పట్టీ లావుగా వస్తే టెయిల్ స్టాక్ వైపు ముందు కాలి కింద షిమ్ రేకు పెట్టాలి. సన్నగా వస్తే వెనక కాలి కింద. కాగితమంత రేకు చాలు, కొలత మారిపోతుంది. స్పిరిట్ లెవెల్ కంటే నేను దీన్నే నమ్ముతాను. లేత్ భూమికి సమంగా ఉందా లేదా అన్నది జాబ్‌కి, అంటే కోస్తున్న ముక్కకి, పట్టదు.

పార్టింగ్, అంటే చేసిన ముక్కని కడ్డీ నుంచి కోసి విడదీసే పని, దగ్గరా ఈ వంగుడే. సన్నటి టూల్ లోతుకి దిగేకొద్దీ జాబ్ అదిరి, కిచకిచమని, చివరికి టూల్ కరుచుకుపోతుంది. కొత్తవాళ్ళు భయపడి ఫీడ్, అంటే టూల్‌ని లోపలికి నెట్టే వేగం, తగ్గిస్తారు, దాంతో రాపిడి పెరిగి అదురు ఇంకా హెచ్చుతుంది. చక్ వేగం తగ్గించి, టూల్ బయటికి వీలైనంత తక్కువ వదిలి, మొన సరిగ్గా సెంటర్ ఎత్తున ఉంచి, ఆగకుండా ఫీడ్ ఇవ్వాలి. చక్ కీని చక్‌లో వదిలేసి స్విచ్ వేయకూడదని, చేతికి గ్లవ్స్, మెడలో కండువా వద్దని ఎవరైనా చెబుతారు. అయినా చెప్పాల్సిందే.

మరలు కోసేటప్పుడు చక్ ఒక చుట్టు తిరిగితే లీడ్ స్క్రూ ఎంత తిరగాలో గేర్లు తేలుస్తాయి. లీడ్ స్క్రూకి అంగుళానికి 8 మరలు, కోయాల్సింది 2 మి.మీ. పిచ్ అనుకుందాం. అంగుళం అంటే 25.4 మి.మీ.; లెక్క వేస్తే నిష్పత్తి 80/127 వస్తుంది. 127 ప్రధాన సంఖ్య, దాన్ని చిన్న గేర్లుగా విడగొట్టలేం. పాత లేత్‌లతో వచ్చే ఆ పెద్ద 127 పళ్ళ చక్రం ఇందుకే. ఇంకో మెలిక: అంగుళాల స్క్రూ మీద మిల్లీమీటర్ల మరలు కోస్తున్నంతసేపూ, బండిని లీడ్ స్క్రూకి పట్టించే హాఫ్ నట్ విప్పకూడదు. విప్పితే మళ్ళీ అదే గాట్లో పడే హామీ లేదు. మోటార్ వెనక్కి తిప్పి వెనక్కి రావాలి.

ఇన్ని రకాల మరలున్నా ఒక షాపు నట్టు ఇంకో షాపు బోల్టుకి ఎక్కుతోందంటే ఆ దారి మొదలుపెట్టింది విట్‌వర్తే. 1841లో 55 డిగ్రీల కోణంతో, ప్రతి లావుకీ ఇన్ని మరలని పట్టిక ఇచ్చాడు. అమెరికన్లు 60 డిగ్రీలకి పోయారు. అర అంగుళం బోల్టుకి విట్‌వర్త్ లెక్కలో 12 మరలు, అమెరికన్ లెక్కలో 13. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు. నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. అక్కడ రెంచ్‌తో బలం చూపిస్తే రెండూ పాడవుతాయి. పాత బోల్టు చేతికొస్తే ముందు థ్రెడ్ గేజ్ పెట్టి చూడటం మేలు.

ఇప్పుడు కొందరు లీడ్ స్క్రూకి గేర్లు తీసేసి స్టెప్పర్ మోటార్ పెడుతున్నారు. చక్‌ని తిప్పే స్పిండిల్ ఎంత తిరిగిందో ఎన్‌కోడర్ చెబుతుంది, చిన్న చిప్ ఆ 80/127ని లెక్క కట్టి మోటార్‌ను తిప్పుతుంది. లీడ్ స్క్రూలో ఎక్కడెక్కడ ఎంత తప్పుందో కొలిచి పట్టికగా ఇస్తే దాన్ని కూడా దిద్దుకుంటుంది. మెలి పడిన బెడ్‌కి మాత్రం ఆ చిప్ ఏమీ చేయలేదు. దానికి స్పానర్, షిమ్ రేకు పట్టుకుని బల్ల కింద కూర్చోవలసిందే.